ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, అమ్మ కాలు మాత్రం కింద పెట్టలేకపోతోంది: ఇప్పుడు ఏం తీయించాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. అమ్మగారికి 68 ఏళ్ళు. పెరట్లో నాచు మీద కాలు జారి కుడిపక్కకి పడ్డారు. అదే సాయంత్రం తుంటికి ఎక్స్‌రే తీయించారు. "ఎముక విరగలేదు, కండ పట్టింది" అని మాత్రలిచ్చి పంపారు. తొమ్మిది రోజులైంది. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నారు కానీ గజ్జల్లో నొప్పి అలాగే ఉంది, మంచం మీద పడుకుని కాలు పైకి ఎత్తమంటే ఎత్తలేకపోతున్నారు. ఫిల్ము ఫోటో తీసి ఫోన్లో ఏదో ఏఐ యాప్‌లో పెడితే అది కూడా నార్మల్ అంది. ఇక ఎమ్మారై దండగేనా, సీటీ సరిపోతుందా, నూనె మర్దనా చేయించి వారం చూడమంటారా అని మీ ప్రశ్న.

సూటిగా చెప్పేస్తాను. ఎక్స్‌రేలో కనపడలేదంటే ఎముక విరగలేదని అర్థం కాదు. ఆ వయసులో పక్కకి పడటం, నొప్పి గజ్జల్లో ఉండటం, కాలు ఎత్తలేకపోవడం కలిపి చూస్తే తొడ ఎముక మెడ (తుంటి కీలులో ఉండే బంతికి కిందనున్న సన్నటి భాగం) దగ్గర సన్నటి పగులు ఉందేమోనని గట్టిగా అనుమానించాలి. లేదని తేలేదాకా ఉన్నట్టే చూసుకోవాలి. ఈ పూట నుంచి ఆవిడని నడిపించకండి. మర్దనా అసలే వద్దు. రేపటికల్లా ఎముకల డాక్టరుకి చూపించి, తుంటికి ఎమ్మారై తీయించండి. దగ్గర్లో ఎమ్మారై లేకపోతే, లేదా ఆవిడ గుండెకి పేస్‌మేకర్ పెట్టి ఉండి అది ఎమ్మారైకి పనికిరాదంటే, సీటీ తీయించండి. ఏదో ఒకటి రేపే జరగాలి, వారం ఆగొద్దు.

నేను రేడియాలజిస్టుని. ఒక జిల్లా కేంద్రంలో 21 ఏళ్ళుగా ఇదే పని. రోజూ చూసే ఫిల్ముల్లో సగం పడిపోయినవాళ్ళవి, బండి మీంచి జారినవాళ్ళవి. మీ అమ్మగారి ఫిల్ము నేను చూడలేదు, ఆవిడని పరీక్ష చెయ్యలేదు. కాబట్టి విరిగిందని నేను చెప్పడం లేదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో మాత్రం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇదే ప్రశ్న వేరువేరు రూపాల్లో నెలకి పదిసార్లు నా ముందుకొస్తుంది.

ఎక్స్‌రే అంటే నీడ. ఎముకలో సున్నం ఎక్కువ కాబట్టి కిరణాలు ఆగి అక్కడ తెల్లగా పడుతుంది. పగులు కనపడాలంటే కిరణం సరిగ్గా ఆ పగులు వెంట దూసుకుపోవాలి. మూసిన తలుపు సందుకి ఎదురుగా నిలబడితే అవతలి వెలుతురు గీతలా కనపడుతుంది, రెండడుగులు పక్కకి జరిగితే తలుపే తప్ప సందు ఉన్నట్టే తెలీదు. ఎముకలోనూ అంతే. పైగా పెద్దవయసులో తుంటి దగ్గర పగిలినప్పుడు చాలాసార్లు రెండు ముక్కలూ విడిపోవు, ఒకదాన్లో ఒకటి దిగబడి బిగుసుకుంటాయి. అప్పుడు కాలు పొట్టి కాదు, పాదం బయటికి వాలిపోదు. మనిషి నడుస్తుంది కూడా.

తుంటి ఎక్స్‌రేలో ఇంకో చిక్కుంది. తొడ ఎముక మెడ ముందువైపుకి కాస్త తిరిగి ఉంటుంది. అది ఫిల్ము మీద పూర్తి పొడవున పడాలంటే కాలి బొటనవేళ్ళు రెండూ లోపలికి, సుమారు 15 డిగ్రీలు తిప్పి పట్టుకోవాలి. నొప్పితో ఉన్న మనిషి పాదం దానంతట అదే బయటికి వాలుతుంది. టెక్నీషియన్ జాలిపడి అలాగే తీసేస్తాడు. అప్పుడు మెడ కుదించుకుపోయి, పక్కనున్న ఎముక గడ్డ నీడ దాని మీద పడి, పగులు ఉన్నా దాక్కుంటుంది. మీ ఫిల్ము వెలుతురుకి పెట్టి చూడండి. తొడ ఎముక పైభాగంలో, లోపలి అంచున ఒక చిన్న బొడిపె ఉంటుంది. నొప్పి ఉన్న పక్క ఆ బొడిపె రెండోపక్క కంటే బాగా పొడుచుకొచ్చి కనపడితే, కాలు బయటికి తిరిగి ఉండగా తీశారని అర్థం. అలాంటి ఫిల్ము మీద నార్మల్ అని రాయడానికి నాకు చెయ్యి రాదు.

ఎమ్మారై చూసేది సున్నాన్ని కాదు, ఎముక లోపలి మూలుగని. పగులు పడ్డ కొద్ది గంటల్లోనే అక్కడి మూలుగలో రక్తం, నీరు చేరతాయి. టీ1 అనే చిత్రంలో అది నల్లటి గీతలా, స్టర్ అనే చిత్రంలో తెల్లటి మంటలా కనపడుతుంది. పడిన మర్నాడే తీసినా దొరికిపోతుంది. అందుకే ఎక్స్‌రేకి దొరకని తుంటి పగులు పట్టుకోవడానికి దాన్ని మించింది లేదు. సీటీ కూడా మంచిదే, నిమిషంలో అయిపోతుంది, కానీ ఎముక బాగా గుల్లబారిన మనుషుల్లో కదలని పగులు సీటీలో కూడా ఒక్కోసారి తప్పించుకుంటుంది. సీటీ నార్మల్ అని వచ్చి నొప్పి అలాగే ఉంటే, కథ అక్కడితో ముగిసినట్టు కాదు.

ఎమ్మారై దండగ కాకపోవడానికి ఇంకో కారణం ఉంది. గజ్జల్లో నొప్పి అన్నీ తుంటివే కావు. కటి వలయంలో, అంటే నడుము కింది ఎముకల చట్రంలో, ముందువైపు ఉండే సన్న ఎముకలు చిట్లినా నొప్పి అక్కడే వస్తుంది. వాటికి సాధారణంగా ఆపరేషన్ అక్కర్లేదు, నొప్పికి మందిచ్చి మెల్లగా నడిపిస్తారు. తొడ ఎముక మెడ అయితే నడిపించకూడదు. మనిషి చెప్పే బాధ ఒకటే, చెయ్యాల్సినవి పూర్తిగా వేరు. ఏదో తేలాలి కదా.

ఇక వారం ఆగితే ఏమవుతుందో ఒకరి సంగతి చెబుతాను. కొన్నేళ్ళ కిందట 71 ఏళ్ళావిడని కొడుకు నా దగ్గరికి తీసుకొచ్చాడు. పడి అప్పటికి 12 రోజులు. ముందు తీసిన ఎక్స్‌రే నార్మల్ అని రిపోర్టు. ఇంట్లో ఆముదం రాసి, వేడినీళ్ళ కాపడం పెడుతున్నారు. ఆవిడ నడుస్తూనే ఉంది, వంట కూడా చేస్తోంది. స్కానింగ్‌కి బయల్దేరేముందు స్నానాలగది గడప దగ్గర ఒక్కసారి పక్కకి తిరిగింది, అంతే, కాలు మడతపడి కూలబడింది. నా టేబుల్ మీదకి వచ్చేసరికి పాదం పూర్తిగా బయటికి వాలి ఉంది. కాలు రెండు వేళ్ళ మందం పొట్టిగా ఉంది. ఎమ్మారై అవసరమే లేకుండా మామూలు ఎక్స్‌రేలోనే తెలిసిపోయింది. పగులు కదలకముందు దొరికితే చర్మం మీద చిన్న గాట్లతో మూడు స్క్రూలు వేసి సరిపెట్టేవాళ్ళు. కదిలిపోయాక తొడ ఎముక తలకి రక్తం తెచ్చే సన్న నాళాలు తెగిపోతాయి, ఆ వయసులో ఇక ఆ తల బతకదని దాన్ని తీసేసి లోహపు బంతి వెయ్యాల్సొచ్చింది. 12 రోజులు ఆవిడ చేసిన తప్పేమీ లేదు. విరగలేదని చెప్పారు, నమ్మింది.

మీ బాబాయిగారు "నాలుగడుగులు వేస్తోందిగా, విరిగితే వేస్తుందా" అన్నారని రాశారు. ఈ నాలుగడుగుల మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాను. 1992లో కెనడాలోని ఒట్టావాలో డాక్టర్లు చీలమండ బెణుకులకి ఒక సూత్రం కట్టారు. చీలమండ రెండు పక్కలా ఉండే ఎముక గుండ్ల వెనక అంచున, కింది ఆరు సెంటీమీటర్లలో నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలినప్పుడూ ఆస్పత్రికి వచ్చాకా కూడా నాలుగడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తియ్యాలి, ఇవేవీ లేకపోతే అక్కర్లేదు అని దాని సారాంశం. చాలా మంచి సూత్రం, అనవసరపు ఎక్స్‌రేలు తగ్గించింది. కానీ అది చీలమండకి. తుంటికి కాదు.

ఇప్పటిదాకా మీ అమ్మగారి గురించి. ఈ జవాబు చదివేవాళ్ళు ఇంకా చాలామంది ఉంటారు, ఇదే రకంగా తప్పిపోయేవి ఇంకో మూడు నాలుగు ఉన్నాయి. అవి కూడా రాస్తాను.

భుజం సంగతి ముందు. భుజం కీలు తప్పడం అంటే నూటికి 95 పైగా ముందుకే తప్పుతుంది. అది చూడగానే తెలుస్తుంది, భుజం గుండ్రం పోయి పలకలా అవుతుంది, ఎక్స్‌రేలో బంతి గిన్నెలోంచి కిందికి జారి కూర్చుంటుంది. ఇబ్బంది వెనక్కి తప్పిన భుజంతో. మూర్ఛ వచ్చినప్పుడు, కరెంటు షాకు కొట్టినప్పుడు కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకుని బంతిని వెనక్కి లాగేస్తాయి. ఎదురుగా తీసిన ఎక్స్‌రేలో అది దాదాపు మామూలుగానే ఉంటుంది. తేడా ఒక్కటే, బంతి లోపలికి తిరిగిపోయి బల్బులా నున్నగా, గుండ్రంగా కనపడుతుంది.

ఒక కరెంటు లైన్‌మన్ వచ్చాడు. షాకు కొట్టి నాలుగు రోజులు. మూడు ఫిల్ములు చేతిలో ఉన్నాయి, మూడూ ఎదురుగా తీసినవే, మూడూ నార్మల్ అన్న రిపోర్టులే. కుర్చీలో కూర్చుని చెయ్యి పొట్టకి ఆనించుకుని ఉన్నాడు. తీర్థం పట్టుకున్నట్టు అరచెయ్యి పైకి పెట్టు నాయనా అన్నాను. ఎడమచెయ్యి పెట్టాడు. కుడిచెయ్యి పెట్టలేకపోయాడు, నొప్పికి కాదు, తాళం పడ్డట్టు తిరగడమే లేదు. టెక్నీషియన్‌ని పిలిచి, చెయ్యి కాస్త దూరం చేసి చంక కిందనుంచి ఇంకో ఎక్స్‌రే తీయించాను. బంతి గిన్నె వెనక అంచుకి గుచ్చుకుని కూర్చుంది. ఆ ఒక్క ఫిల్ము మొదటిరోజే తీసి ఉంటే నాలుగు రోజుల యాతన తప్పేది. ఇలాంటివి వారాలు గడిచాయంటే మత్తిచ్చి లాగినా లోపలికి పోవు, కోసి సరిచెయ్యాల్సిందే.

అందుకే మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలకి మొదటి పాఠం ఇదే. ఒక్క ఎక్స్‌రే అంటే ఎక్స్‌రే తియ్యనట్టే. ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, రెండూ ఒకదానికొకటి అడ్డంగా ఉండాలి. పొడుగు ఎముక విరిగితే దాని పైకీలూ కిందికీలూ రెండూ ఫిల్ములో పడాలి. ముంజేతిలో ఇది మరీ ముఖ్యం. అక్కడ రెండు ఎముకలు జంటగా ఉంటాయి, అల్నా ఒక్కటే విరిగి వంగినట్టు కనపడితే, రెండోదైన రేడియస్ తల మోచేతి దగ్గర కీలు తప్పి ఉండొచ్చు. 1814లోనే ఇటలీలో మోంటెజియా అనే సర్జను దీన్ని గుర్తించాడు. ఇప్పటికీ మోచెయ్యి ఫిల్ములోకి రాకపోవడం వల్ల ఇది తప్పిపోతూనే ఉంది. మధ్యలో విరిగిన ఎముకకి కట్టు వేస్తారు, తప్పిన కీలు అలాగే ఉండిపోతుంది, పిల్లాడి మోచెయ్యి తర్వాత పూర్తిగా తిరగదు.

అదే 1814లో డబ్లిన్‌లో కాలిస్ అనే ఆయన మణికట్టు విరుపు గురించి రాశాడు. చెయ్యి ఆనించి పడ్డ ఆడవాళ్ళలో మనం రోజూ చూసేది అదే, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తాం. ఎక్స్‌రే కిరణాలని రాంట్‌జెన్ కనిపెట్టింది 1895 నవంబరులో. అంటే 81 ఏళ్ళ ముందు, ఏ ఫిల్మూ లేకుండా, ఒట్టి చేత్తో తడిమి చెప్పాడన్నమాట. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నాకు ఫిల్ము కంటే ముందు కావాల్సింది ఆ వేలు. నొప్పి ఎక్కడ, ఒక్క వేలితో చూపించు అని అడగకుండా ఎక్స్‌రే రాసేస్తే, ఎక్కడ చూడాలో తెలియకుండా చూసినట్టే. మాకొచ్చే చీటీల మీద చాలావాటికి "కుడిచెయ్యి ఎక్స్‌రే" అని మాత్రమే ఉంటుంది. "కుడి మణికట్టు, బొటనవేలి పక్క గుంటలో నొక్కితే నొప్పి" అని రాస్తే, నేను వేరే కోణాల్లో ఇంకో రెండు ఫిల్ములు తీయిస్తాను.

ఆ గుంట సంగతే చెప్పాలి. బొటనవేలు బాగా పైకెత్తండి. మణికట్టు దగ్గర రెండు స్నాయువులు (కండని ఎముకకి కట్టే తాళ్ళు) తీగల్లా లేచి వాటి మధ్య చిన్న గుంట పడుతుంది. ఆ గుంట అడుగున స్కాఫాయిడ్ అనే జీడిపప్పంత ఎముక ఉంటుంది. చెయ్యి ఆనించి పడ్డ కుర్రవాళ్ళలో విరిగేది ఎక్కువగా ఇదే, మొదటిరోజు ఎక్స్‌రేలో కనపడకుండా పోయేదీ ఇదే. దానికి రక్తం వేళ్ళ వైపునుంచి వెనక్కి వస్తుంది. మధ్యలో విరిగితే వెనక ముక్కకి రక్తం ఆగి, అతుక్కోక, చివరికి ఎముక చచ్చిపోయే ప్రమాదం ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, క్రికెట్ ఆడుతూ పడ్డ డిగ్రీ కుర్రాడి మణికట్టుకి నార్మల్ అని రిపోర్టు రాశాను. నిజంగానే ఆ ఫిల్ములో ఏమీ లేదు, ఇప్పుడు తీసి చూసినా లేదు. కానీ పది రోజుల తర్వాత మళ్ళీ తీయించమని నేను రాయలేదు. ఎనిమిది నెలలకి వచ్చాడు. ఎముక రెండు ముక్కలుగా, అంచులు తెల్లబడి, మధ్యలో సందు. అతను నన్నేమీ అనలేదు. ఆ రోజు నుంచి ఇలాంటి ప్రతి రిపోర్టు కింద ఒక వాక్యం రాస్తాను: గుంటలో నొప్పి ఉంటే విరిగినట్టే భావించి కట్టు వేసి, 10 నుంచి 14 రోజుల్లో మళ్ళీ ఎక్స్‌రే తియ్యండి, లేదా ఇప్పుడే ఎమ్మారై చెయ్యండి. రెండు వారాలకి ఎందుకు కనపడుతుందంటే, పగులు అంచుల్లోని ఎముకని శరీరం కొంత కరిగించి సందు వెడల్పు చేస్తుంది, తర్వాతే కొత్త ఎముక వేస్తుంది. పోలీసు సెలక్షన్లకి పరుగులు తీసే పిల్లల పిక్క ఎముకలో వచ్చే సన్న పగుళ్ళూ అంతే, మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రే నార్మల్‌గానే ఉండొచ్చు.

చిన్నపిల్లల ఎముకలు వేరే లోకం. ఎముక చివర్లు ఇంకా మృదులాస్థిగానే ఉంటాయి, అది ఎక్స్‌రేకి కనపడదు. మోచెయ్యి చుట్టూ ఆరు ఎముక చుక్కలు ఒకదాని తర్వాత ఒకటి పుడతాయి, గుర్తుపెట్టుకోవడానికి మేము 1, 3, 5, 7, 9, 11 ఏళ్ళు అని లెక్క పెట్టుకుంటాం. ఆ చుక్కల్ని చూసి విరిగిన ముక్క అనుకునేవాళ్ళున్నారు, విరిగిన ముక్కని చూసి చుక్క అనుకునేవాళ్ళూ ఉన్నారు. అనుమానం వస్తే బాగున్న మోచేతికి కూడా ఒక ఫిల్ము తీసి పక్కపక్కన పెడితే చాలాసార్లు తేలిపోతుంది.

జామచెట్టు మీంచి పడ్డ ఆరేళ్ళ పాప మోచెయ్యి ఎక్స్‌రే మొన్న చూశాను. పగులు గీత ఎక్కడా లేదు. కానీ పక్కనుంచి తీసిన ఫిల్ములో, ఎముక ముందు తెరచాప ఎత్తినట్టు నల్లటి ముక్కోణం, వెనకవైపు ఇంకో నల్లటి చార. అది కొవ్వు. మామూలుగా గుంటలో అణిగి ఉండే కొవ్వు, కీల్లో రక్తం నిండితే పైకి తేలుతుంది. దెబ్బ తగిలాక వెనక కొవ్వు కనపడిందంటే గీత కనపడకపోయినా ఎముక చిట్లినట్టే అనుకుని కట్టు వెయ్యాలి. పిల్లలైతే మోచేతి పైభాగం, పెద్దలైతే ఎక్కువగా రేడియస్ తల. ఆ పాపకి మూడు వారాలు కట్టు వేశారు. తర్వాతి ఫిల్ములో ఎముక వెంట కొత్త ఎముక పొర లేచింది, అంటే పగులు ఉన్నట్టే.

అదే మోచేతికి ఎక్స్‌రే సాధారణంగా అక్కర్లేని సందర్భం కూడా ఒకటుంది. రెండు మూడేళ్ళ పిల్లల్ని రెండు చేతులూ పట్టుకుని ఉయ్యాల ఊపుతారు, లేదా రోడ్డు దాటేటప్పుడు చెయ్యి పట్టి లాగుతారు. పిల్ల కెవ్వుమని, ఆ చెయ్యి వేలాడేసుకుని ఇక వాడదు. వాపు ఉండదు. రేడియస్ తల దాని చుట్టూ ఉన్న పట్టీలోంచి కాస్త జారుతుంది. తెలిసిన డాక్టరు చెయ్యి తిప్పి ఒక్క మడత వేస్తే సర్దుకుంటుంది, కాసేపటికి బిస్కెట్టు అందుకోవడానికి అదే చెయ్యి చాస్తుంది. ఇంట్లో మీరు ప్రయత్నించొద్దు. పడి ఉంటే గానీ, వాచి ఉంటే గానీ ముందు ఎక్స్‌రే.

తాడిచెట్టు మీంచి పడ్డ గీతకార్మికుల గురించి రెండు మాటలు. కాళ్ళ మీద పడితే మడమ ఎముక నలిగిపోతుంది. అందరూ మడమ చూసి ఊరుకుంటారు. ఆ బరువు వెన్ను దాకా పోతుంది, కాబట్టి రెండు మడమలతోపాటు నడుముకి కూడా ఫిల్ము తియ్యాలి. మడమ నలిగితే ఆపరేషన్‌కి ముందు సీటీ తప్పదు, ఎన్ని ముక్కలు, కీలు ఎంత కుంగిందన్నది అందులోనే తెలుస్తుంది. మోకాలు చిప్ప కింద, కటి గిన్నెలో విరిగినవాటికీ అంతే.

కీళ్ళు తప్పినప్పుడు ముందూ వెనకా రెండుసార్లూ ఎక్స్‌రే ఎందుకని కొంతమంది విసుక్కుంటారు. ముందుది, కీలుతోపాటు ఎముక కూడా విరిగిందేమో తెలియడానికి. తెలియకుండా లాగితే చిన్న పగులు పెద్దదవుతుంది. రెండోది, బంతి నిజంగా గిన్నెలోకి వెళ్ళిందా, మధ్యలో ముక్క ఏదైనా ఇరుక్కుందా అని. తుంటి కీలు తప్పితే అది మరీ అత్యవసరం, ఆరు గంటలు దాటకుండా సరిచెయ్యాలని చూస్తారు, తర్వాత సీటీ తీసి ముక్కలు వెతుకుతారు. మోకాలి కీలు తప్పి దానంతటదే సర్దుకున్నా ఊరుకోకూడదు, వెనకనున్న పెద్ద రక్తనాళం చిరిగి ఉండొచ్చు. అక్కడ ఎక్స్‌రే నార్మల్ అని పంపేస్తే కాలే పోవచ్చు.

కట్టు గురించి అడగకపోయినా చెప్పాలి, ఎందుకంటే మీ ఊళ్ళో ఎవరో ఈపాటికి చెప్పే ఉంటారు. పుత్తూరు కట్టు పేరు రాయలసీమలోనే కాదు, మద్రాసు దాకా తెలుసు. తరాలుగా జనం నమ్మిన విద్య, నేను దాన్ని తీసిపారెయ్యను. కానీ ఎవరి దగ్గర ఏ కట్టు వేయించుకున్నా రెండు అడుగుతాను. కట్టుకి ముందొక ఎక్స్‌రే, తర్వాతొక ఎక్స్‌రే ఉండాలి. తుంటి, పిల్లల మోచెయ్యి ఈ రెండూ కట్టుతో తేలే వ్యవహారం కాదు. ఆస్పత్రిలో వేసిన సిమెంట్ కట్టయినా, బయట వేసిన ఆకు కట్టయినా, వేళ్ళు నీలంగా చల్లగా అయినా, మొద్దుబారినా, వేళ్ళు మెల్లగా చాపితే ప్రాణం పోయేంత నొప్పి వచ్చినా అర్ధరాత్రయినా సరే కట్టు విప్పించండి. లోపల కండరాలు గంటల్లో చచ్చిపోతాయి. అలా వేళ్ళు కొంకర్లు పోయిన ఒక పిల్లవాడి చెయ్యి నేను చూశాను, వాడు ఇప్పుడు పలక పట్టుకోలేడు. మోచేతి దెబ్బకి మర్దనా కూడా అంతే చేటు, నలిగిన కండలో ఎముక గడ్డకట్టి మోచెయ్యి బిగుసుకుపోతుంది.

రేడియేషన్ భయం గురించి. దాన్ని మిల్లీసీవర్ట్‌లలో కొలుస్తారు. మణికట్టు ఎక్స్‌రే ఒకదానికి సుమారు 0.001 మిల్లీసీవర్ట్. మట్టి నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్ ఎలాగూ వస్తుంది. అంటే ఆ ఎక్స్‌రే కొన్ని గంటల బతుకుతో సమానం. కటి భాగం సీటీ ఎక్కువ, సుమారు 6. మీ అమ్మగారి వయసులో దాని గురించి ఆలోచించక్కర్లేదు, పసిపిల్లలకీ గర్భిణులకీ ఆలోచించాలి. ఎమ్మారైకి, అల్ట్రాసౌండుకి ఈ రేడియేషన్ ఉండదు.

ఏఐ యాప్ మాట. ఈ సాఫ్ట్‌వేర్లు పనికిరావని అనను. మణికట్టు విరుపు గుర్తించడంలో డాక్టరుకి సాయపడే ఒకదానికి 2018లోనే మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. అయితే అలాంటివి ఆస్పత్రి యంత్రంలోని అసలు చిత్రాన్ని చదువుతాయి. మీరిచ్చింది ట్యూబులైటుకి అడ్డంపెట్టి తీసిన ఫోటో. పైగా ఫిల్ములోనే పగులు పడకపోతే మనిషికైనా యంత్రానికైనా చూడ్డానికి ఏముంటుంది?

ఇక రేపటి పని. పాత ఫిల్ము, రిపోర్టు రెండూ తీసుకెళ్ళండి, సీడీ ఇచ్చి ఉంటే అదీ. ఎమ్మారై చీటీ మీద డాక్టరు చేత ఇలా రాయించండి: "పడి 9 రోజులు, కుడి గజ్జల్లో నొప్పి, కాలు ఎత్తలేరు, ఎక్స్‌రే నార్మల్, దాగిన తుంటి పగులు ఉందేమో చూడండి." కటి మొత్తం, రెండు తుంట్లూ కలిపి, టీ1, స్టర్ చిత్రాలు తీస్తే ఈ ప్రశ్నకి చాలు. పావుగంట పని, ఇంజెక్షన్ అక్కర్లేదు. అన్ని వరుసలూ తీసే పూర్తి స్కాన్ అవసరమా అని సెంటర్‌లో అడగండి, ఖర్చు కూడా తేడా ఉండొచ్చు. గాజులు, మంగళసూత్రం, ముక్కుపుడక, తలపిన్నులు ఇంట్లోనే తీసేయించండి. ముక్కుపుడక రాకపోతే ముందే చెప్పండి, అక్కడ ఆవిడని ఇబ్బంది పెట్టకుండా కంసాలి దగ్గర తీయించొచ్చు. గుండెకి గానీ, మెదడులో గానీ ఏదైనా పరికరమో క్లిప్పో పెట్టించుకుని ఉంటే ఆ కాగితం తప్పకుండా చూపించండి.

ఈ రాత్రికి మంచం మీదే ఉంచండి, బాత్రూముకి కూడా నడిపించొద్దు, బెడ్‌పాన్ పెట్టండి. రెండు కాళ్ళ మధ్య దిండు పెట్టి, పక్కకి తిప్పాల్సొస్తే కాలూ నడుమూ కలిపి ఇద్దరు పట్టుకుని తిప్పండి. రేపు వాహనంలోకి ఎక్కించేటప్పుడు స్ట్రెచర్ దొరికితే మంచిది, లేదంటే కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తండి. పొద్దున్న ఎముకల డాక్టరు చూసేదాకా కాఫీ, టిఫిన్ ఆపాలా అని ఆస్పత్రికి ఫోన్ చేసి అడగండి, పగులు బయటపడితే ఆపరేషన్ ఆ రోజో మర్నాడో పెట్టుకుంటారు. షుగరు, బీపీ మాత్రలు, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలేమైనా వాడుతుంటే ఆ చీటీ కూడా జేబులో పెట్టుకోండి. రిపోర్టు వచ్చాక దాని సారాంశం ఇక్కడే రాయండి, అర్థంకాని మాట ఉంటే విడమరిచి చెబుతాను.